వీపు పంపకం

మాఘ పౌర్ణమి
గాలి తూర్పు నుంచి. నాచు ఏపుగా పెరిగింది. ట్యాంకులో నీళ్లు ఎర్ర గీతకి జానెడు పైన.

ఈ రోజు పంపకంలో నేను ఒక్కదాన్నే వద్దన్నాను.

తెప్ప మీద అందరూ నా వైపు చూశారు. ఆ చూపులో తిట్టు లేదు, జాలి ఉంది. నలుగురిలో భోంచేస్తూ గట్టిగా త్రేన్చిన మనిషిని చూసినట్టు చూశారు. తిట్టినా బాగుండేది.

ఈ దినచర్య రాయడం నా పని. సముద్రం మీద మనుషులు కాపురముండే ప్రతి తెప్పకీ ఒకటి ఉండాలని కంపెనీ పెట్టిన నిబంధన. గాలి, నాచు, నీళ్లు, ఈ మూడూ రాసి ఊరుకుంటే చాలు. నాకు మొదలుపెడితే ఆగడం చేతకాదు. కంపెనీలో దీన్ని చదివేవాళ్లు లేరని తెలుసు. ఉంటే మరీ మంచిది, కూర్చుని చదవండి.

ప్రతి పున్నానికీ అమావాస్యకీ పంపకం. పొద్దున్నే కోత ముగించి, నాచంతా వల సంచుల్లోకి ఎత్తి, కంపెనీ పడవ పక్కన మోకుతో కట్టాం. కంపెనీ డాక్టరమ్మ హిమజ పడవ దిగి, నాచుకి బదులుగా ఒక్కొక్కరి వాటా మంచినీళ్ల క్యాన్లు తెప్ప మీద వరసగా పెట్టించింది. పేరు పిలిచి, "ఇది మీ వాటా. సరేనా, వద్దా?" అని అడుగుతుంది. సగం మందికి మించి వద్దంటే మోకు ముడి విప్పెయ్యాలి. నాచు సముద్రం పాలు, క్యాన్లు మళ్లీ పడవలోకి. వాళ్లకీ లేదు, మాకూ లేదు. మా ముందు తరం కంపెనీతో కొట్లాడి రాయించుకున్న షరతు అది. ఇప్పుడు దాని ఊసెత్తేవాడు లేడు.

పోయిన పంపకానికి మనిషికి ఎనిమిది క్యాన్లు. ఈసారి ఆరు. తెప్ప పెద్ద ఎరకయ్య "సరే" అన్నాడు. అందరూ సరే. కొర్లమ్మక్క అయితే నవ్వుతూ మరీ సరే అంది.

కొర్లమ్మక్క నా తోటికోడలు. ఆ ఇంటికి పెద్దకోడలు ఆవిడ, చిన్నకోడల్ని నేను. అన్నదమ్ములిద్దరూ ఒకే తుపానులో పోయారు. మా ఇద్దరికీ పిల్లల్లేరు. అప్పటి నుంచి ఒకే గదిలో, ఒకే పొయ్యి మీద బతుకుతున్నాం. బతకడం అంటే కొట్టుకోవడం. ఉప్పెక్కువైందని, చాప ఇటు జరిపావని, నా లోటా ముట్టుకున్నావని. ఆవిడతో గొడవ పడని రోజు నాకు అన్నం సహించేది కాదు. మెడబిళ్లలు వచ్చాక ఆవిడ గొడవలు మానేసింది.

మెడబిళ్ల అంటే మెడ వెనక అతికించే రూపాయంత బిళ్ల. కోపాన్ని చల్లారుస్తుందని కంపెనీ అందరికీ పెట్టింది. కోపం చల్లారిందో లేదో గాని క్యాన్లు మాత్రం తగ్గుతూ వస్తున్నాయి. నాకది పడలేదు. మెడంతా పుండై ఊడి వచ్చింది. ఊడిన సంగతి నేనెవరికీ చెప్పలేదు.

మాఘ బహుళ తదియ
గాలి లేదు. నాచు మోకులకి కొత్త చిగుళ్లు. నీళ్లు జానెడుకి కాస్త తక్కువ.

పక్కగది సన్యాసి వలలో కానాగంత చేపలు పడ్డాయి. తెప్పంతా వీపు పంపకం చేసుకున్నాం. ఇది మా తాతల నాటి పద్ధతి. చేపల్ని కుప్పలు పోస్తారు. ఒకరు కుప్పలకి వీపు తిప్పి నిలబడతారు. ఇంకొకరు ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇదెవరికి?" అని అడుగుతారు. వీపు తిప్పినవాళ్లు ఎవరో ఒకరి పేరు చెబుతారు. ఎవరికి ఏది పడితే అది. తన వాటాని తను ఎంచుకోకూడదు, పడ్డాక నోరెత్తకూడదు. అన్నదమ్ముల మధ్య కూడా కత్తులు లేవకుండా ఆపిన పద్ధతి ఇది.

మాకు పడిన కుప్పలో ఒకటే లావు చేప. కూరలో దాని నడుం ముక్క కొర్లమ్మక్క తీసి నా కంచంలో వేసింది.

"నువ్వే తినే పైడీ. నాకు తలకాయ సాలు."

ఆ ముక్కని తిప్పి తిప్పి చూశాను. నలభై ఏళ్లలో ఆవిడ నడుం ముక్క వదిలింది లేదు. ఒకసారి దాని కోసం గరిటెతో నా చెయ్యి వాయగొట్టింది కూడా.

"అక్కా, ఒంట్లో బాగానే ఉన్నాదా?"

"నాకేటి, నిమ్మలంగా ఉన్నాను."

అదే నా భయం.

తిన్నాక కుక్కల దగ్గరికి వెళ్లాను. తెప్ప మీద రెండున్నాయి, నల్లది, రాగిది. రాగిదానికి చేప తల వేసి నల్లదానికి ఉత్త ముల్లు వేస్తే నల్లది ముల్లు ముట్టదు. అటు తిరిగి కూర్చుని నన్ను తిట్టినట్టు మొరుగుతుంది. నా మెడ నుంచి ఊడిన బిళ్లని దాని మెడ వెనక బొచ్చు కత్తిరించి అతికించాను. సాయంత్రం మళ్లీ రాగిదానికి తల, దానికి ముల్లు వేశాను. నల్లది తోక ఊపుకుంటూ ముల్లు నమిలింది. వెంటనే బిళ్ల పీకేసి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. క్షమించమని అడగడానికి కుక్క భాష రాదు.

మాఘ బహుళ షష్ఠి
ఈశాన్యం గాలి. నాచు బాగుంది.

వద్దన్నవాళ్ల మెడ చూడాలట. డాక్టరమ్మ హిమజ చిన్న పడవ మీద వచ్చింది. పుండు చూసి నొచ్చుకుంది. చల్లటి మందు రాసింది. మంచి పిల్ల. చెయ్యి కూడా మెత్తన.

"పల్చటి చర్మానికి కొత్త రకం బిళ్ల వస్తోందండీ. పుండు మానాక అది పెడతాను."

"పెట్టకపోతే ఏటౌద్ది?"

"బిళ్ల లేనివాళ్లని తెప్ప మీద ఉంచకూడదు. ఒడ్డుకి పంపేయాలి." తల దించుకుని చెప్పింది. తర్వాత నా పక్కనే కూర్చుని, పిల్లలకి పాఠం చెప్పినట్టు మొదలుపెట్టింది. "మీ కోపం మీ ఒక్కరిదీ కాదండీ. లక్షల ఏళ్ల నాటిది. గుంపుగా వేటాడి తెచ్చిన మాంసం పంచుకునేటప్పుడు, చిన్న ముక్కకి ఊరుకున్నవాడికి మర్నాడు ఇంకా చిన్న ముక్క దక్కింది. అలా ఊరుకున్నవాళ్ల పిల్లలు బతకలేదు. గొడవ పడినవాళ్ల పిల్లలే మనం. అందుకే తక్కువ వాటా చూస్తే ఒళ్లు మండుతుంది. కానీ ఇప్పుడు ఆ మంట దండగ కదా. ఆరు క్యాన్లు వద్దంటే మీకు వచ్చేది సున్నా. ఆరు మేలా, సున్నా మేలా?"

"ఆరుకి సరే అంటే వచ్చేపాలి ఎన్నొస్తాయి పాపా?"

ఆమె మందు మూత బిగించసాగింది.

"ఎవులో ఒకలు వద్దన్నకాడే మీ కంపెనీ ఆగుద్ది. వద్దనేవోలే నేకపోతే ఎక్కడాగుద్ది?"

"ఎన్ని క్యాన్లివ్వాలో కంపెనీ మిషను లెక్క వేస్తుందండీ. నేను కాదు."

"సరే. నన్ను కన్నోలు గొడవ పడినోలని నువ్వే సెప్పినావు. ఆల పేరు నన్ను సెడగొట్టమంతావేటి?"

నవ్వింది పాపం. వెళ్తూ వెళ్తూ ఇంకాస్త మందు కాగితంలో చుట్టి ఇచ్చింది.

మాఘ అమావాస్య
గాలి పడమర నుంచి. కోత బాగా వచ్చింది. నీళ్లు ఎర్ర గీతకి కింద.

సిగ్గుతో రాస్తున్నాను, ఒళ్లు మండుతూ కూడా రాస్తున్నాను.

నాలుగు రోజులుగా గదిగదికీ తిరిగాను. ఈసారి అందరం వద్దందాం అని ఒక్కొక్కరికీ చెప్పాను. ఒక్కరు కూడా కాదనలేదు. ఎరకయ్య సరే అన్నాడు, సన్యాసి సరే అన్నాడు, మాతో మోకు లాగే దేముడమ్మ సరే అంది, అక్క సరే అంది. ఎంత తేలిగ్గా ఒప్పుకున్నారో అని మురిసిపోయాను. తెలివితక్కువదాన్ని. వాళ్లు దేనికైనా సరే అంటారని ఆ సంబరంలో మరిచిపోయాను.

ఈ రోజు హిమజ నాలుగేసి క్యాన్లు పెట్టించింది. "సరేనా, వద్దా?"

ఎరకయ్య తన క్యాన్ల వంక చూసి, "సరిపోతాయిలే" అన్నాడు. సన్యాసి సరే. దేముడమ్మ సరే. అక్క క్యాను మీద చెయ్యేసి నిమిరి, "సల్లగున్నాయి" అంది, సరే అంది. వద్దన్నది మళ్లీ నేనే.

అందరి క్యాన్ల నీళ్లూ పోసుకునే ట్యాంకు లోపలి గోడ మీద ఎర్ర గీత ఉంది. వరసగా రెండు పంపకాల తర్వాత నీళ్లు ఆ గీత కిందే ఉంటే, తెప్ప మనుషులు బతకడానికి పనికిరాదని రద్దు చేస్తారు. కండ ఉన్నవాళ్లని వేరే తెప్పలకి, లేనివాళ్లని ఒడ్డున గుడారాలకి పంపుతారు. పోయిన ఏడు పడమటి తెప్పని అలాగే విప్పేశారు. కొర్లమ్మక్కకి మోకాళ్లు అరిగిపోయాయి. ఆవిడ గుడారాలకి పోతుంది. నేను కోత కోయగలను కాబట్టి ఇంకెక్కడికో. వచ్చే పున్నానికి కూడా గీత కిందే ఉంటే ఇదే మా ఆఖరు నెల.

ఆవిణ్ణి నా దగ్గర్నుంచి తీసుకుపోతారు. ఆ మాట కొట్టేసి మళ్లీ రాశాను.

ఫాల్గుణ శుద్ధ తదియ
గాలి మామూలే. గీత కింద వేలెడు.

ఈ రోజు మా గదిలో కేక వినబడింది. పరుగెత్తాను. కొర్లమ్మక్క పొయ్యి ముందు నిలబడి, గరిటె పైకెత్తి, సన్యాసి మీద అరుస్తోంది.

"అదేటన్నేయం! ఆ డాకటేరు గుంటని మంచులో పడుకోబెడతారా? దానికి అమ్మా అయ్యా నేరా? అడిగే దిక్కు నేదా?"

విషయమేమిటంటే, సన్యాసి పొద్దున కంపెనీ పడవకి తాళ్లు అందించడానికి వెళ్లి అక్కడ విన్న కబురు తెచ్చాడు. పడవలో హిమజ ఉండే గదిని తీసేసుకుని అందులో సరుకు నింపారట. ఆమె పడవ పైన గుడ్డ కప్పుకుని పడుకుంటోందట. ఆమె మెడకి కూడా బిళ్ల ఉంది. సరే అందట.

నాలుగు క్యాన్లని నిమిరి సరే అన్న మనిషి, పరాయి పిల్ల పడక కోసం గరిటె ఎత్తింది! ముఖం ఎర్రబడింది. మాట తడబడుతోంది. సంవత్సరం నుంచి చూడని నా తోటికోడలు ఎదురుగా నిలబడి ఉంటే, నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"అక్కా, నీకు నాలుగే క్యాన్లిచ్చినారు కదా. దానికి కోపం రాలేదేటి?"

"నాకేటే, నాకు సాలు," అంది, ఒక్క క్షణంలో చల్లబడి.

"మరి నాకు నాలుగే ఇచ్చినారు."

ఆవిడ నా వంక చూసింది. గరిటె మళ్లీ లేచింది. "నీకు నాలుగేటే? నువ్వు మోకు కాడ రెక్కలు ముక్కలు సేసుకుంటన్నావు. నీకు నాలుగిచ్చినోడి సెయ్యి ఇరిగిపోను!"

ఆ తిట్టు విని ఒళ్లు పులకరించింది. ఇంకోసారి తిట్టమన్నాను.

తర్వాత ఎరకయ్య దగ్గరికి వెళ్లి దేముడమ్మ వాటా గురించి అడిగాను. శాంతంగా చుట్ట కాల్చుకుంటున్న మనిషి చుట్ట విసిరికొట్టాడు. దేముడమ్మ దగ్గర సన్యాసి వాటా సంగతి ఎత్తాను. కళ్లనీళ్లు పెట్టుకుని కంపెనీని శాపనార్థాలు పెట్టింది. తన వాటాకైతే అందరూ పిల్లులు. పక్కవాడి వాటాకి పులులు.

ఫాల్గుణ శుద్ధ ఏకాదశి
గాలి మామూలే.

తెప్ప మధ్యలో అందరినీ కూర్చోబెట్టాను. నేను చెప్పింది ఇంతే.

"సేపలకి ఈపు తిప్పుతాం గదా. ఈ పున్నానికి నీల్లకి కూడా తిప్పుదుం. పేరు పిలిస్తే ఆ మనిషి తన క్యాన్లకి ఈపు తిప్పాల. ఎదర నిలబడినోలు సూడాల. ఆలు ఏటంటే ఈపు తిప్పినోలు అదే అనాల. పడినాక నోరెత్తకూడదు. మన తాతలనాటి పద్దతే."

"వద్దంటే నీల్లుండవు," అన్నాడు సన్యాసి. "ట్యాంకు గీత కిందే ఉంటాది. తెప్ప ఇప్పేత్తారు."

"సరే అంటే మాత్రం? ఈసారి రెండు క్యాన్లిస్తారు. అప్పుడూ గీత కిందే. సరే అన్నా ఇప్పేత్తారు, వద్దన్నా ఇప్పేత్తారు. వద్దంటే నాచు ఆలకీ దక్కదు. ఆలకీ నొప్పెట్టాల. నొప్పి తెలీనోడు ఆగడు."

ఎరకయ్య తల ఊపాడు. "సరే," అన్నాడు.

అందరూ సరే. ఏదడిగినా సరే అనేవాళ్లని తయారుచేసింది కంపెనీయే. మొదటిసారి ఆ సరే నాకు పనికొచ్చింది.

నా ఎదుట నిలబడి చూసేది కొర్లమ్మక్క. ఆవిడ ఎదుట నేను.

ఫాల్గుణ శుద్ధ ద్వాదశి

హిమజ కొత్త బిళ్ల తెచ్చింది. పుండు మానింది కాబట్టి తప్పదట. పారిపోవడానికి చుట్టూ సముద్రమే. ఒడ్డుకి పంపేస్తే పున్నానికి నేనిక్కడ ఉండను. మెడ వంచాను. వంచే ముందు ఒక మాట అడిగాను.

"పాపా, మన వాటాకి వచ్చే కోపాన్ని ఇది సల్లారుస్తాది. పక్కోల వాటాకి వచ్చే కోపం సంగతేటి?"

జిగురు ఊదుతూ ఆగింది. "అది వేరే వేరు నుంచి వస్తుందండీ. పిల్ల ఏడిస్తే తల్లికి మెలకువ రావడం, తోటివాడికి దెబ్బ తగిలితే మనకి కలుక్కుమనడం, అదంతా ఒకే వేరు. మొదట్లో దాన్ని కూడా ఆపే బిళ్ల చేసి చూశారు. పెట్టుకున్న తల్లులు పిల్లలకి పాలివ్వడం మరిచిపోయారు. అందుకని దాని జోలికి వెళ్లలేదు." బిళ్ల చేతిలోకి తీసుకుని, "ఎందుకడిగారు?" అంది.

"ఊరికే."

నా ముఖం వంక చాలాసేపు చూసింది. బిళ్ల అతికించింది. చల్లగా తగిలింది. ఈసారి ఊడేలా లేదు.

తర్వాత ఏం రాస్తానో నాకు తెలియదు. అందుకే ఇది ఇప్పుడే రాస్తున్నాను. కొర్లమ్మక్కా, నేను సరే అంటే నమ్మకు.

ఫాల్గుణ శుద్ధ చతుర్దశి
గాలి బాగుంది. నాచు బాగుంది. నీళ్లు ఉన్నాయి.

ఈ రోజు ఏమీ విశేషం లేదు. మెడ నొప్పి పోయింది. మధ్యాహ్నం అక్క చాప ఇటు జరిపింది. నేను అటు జరిగాను. చోటు సరిపోయింది.

వెనకటి పేజీలు చదివాను. రాసినావిడకి కాస్త ఆవేశం ఎక్కువ. నీళ్లు తగ్గితే తగ్గుతాయి. ఉన్నంతలో సర్దుకోవచ్చు. గుడారాల్లో నీడ ఉంటుందంటారు.

నల్ల కుక్క దగ్గరికి వెళ్తే అది నా మెడ వాసన చూసి వెనక్కి జరిగింది.

ఫాల్గుణ పౌర్ణమి
గాలి తూర్పు నుంచి. నాచు అంతా పోయింది. నీళ్లు గీతకి బాగా కింద.

నేను సరే అనబోయాను. ఆ సంగతి ముందు రాస్తున్నాను.

క్యాన్లు రెండేసి పెట్టారు. హిమజ వరసలో మొదట నన్నే పిలిచింది. క్యాన్లు చూస్తే బాగానే అనిపించాయి. మూతలు గట్టిగా బిగించి ఉన్నాయి, రెండంటే మోయడానికి కూడా తేలిక. ఇలాంటివి తడుతున్నాయి బుర్రలో. సరే అనడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడు కొర్లమ్మక్క నా భుజం పట్టుకుని గిరుక్కున తిప్పింది.

"ఈపు తిప్పవే! నీ వాటా నువ్వు సూడకూడదు."

తిరిగాను. ఎదురుగా ఒట్టి సముద్రం, నీళ్లలోంచి తల మాత్రం బయటపెట్టిన పాత దీపస్తంభం. వెనక అక్క క్యాను మూత తట్టిన చప్పుడైంది. ఆవిడ క్యాన్లు చూస్తోందని అర్థమైంది. తర్వాత మొదలైంది.

"రెండా? పైడికి రెండా? ఒలమ్మో, ఇది మనిషనుకున్నారా, మొక్కనుకున్నారా? ఇరవయ్యేల్లు మోకు లాగి దీని సేతులు సూడండి, సేతులా ఇవి? ఇది నా మరిది పెల్లాం. దీన్ని తిడితే నాను తిట్టాల, కొడితే నాను కొట్టాల. దీన్ని ఎండబెట్టడానికి మీరెవులు? వద్దు! వద్దనే పైడీ!"

సముద్రం వైపు చూస్తూ నేను "వద్దు" అన్నాను. నాలో కోపం లేదు. ఆవిడ కోపం మీద నమ్మకం ఉంది, అంతే. అది చాలింది.

తర్వాత ఆవిణ్ణి పిలిచారు. అక్క వీపు తిప్పింది. ఆవిడ క్యాన్లకి ఎదురుగా నేను.

రెండు క్యాన్లు. నా క్యాన్ల లాంటివే. కానీ వాటి పక్కన ఆవిడ మోకాళ్లు కనబడ్డాయి, నిలబడలేక ఒకదానికొకటి ఆనుకుని వణుకుతున్నాయి. రోజూ చూసే మోకాళ్లే. ఎక్కడో లోపల, బిళ్ల చేరని చోట, ఏదో కదిలింది. గొంతులోకి వచ్చింది. నా నోటి నుంచి ఏం వచ్చిందో పూర్తిగా గుర్తులేదు. ఎరకయ్య తర్వాత చెప్పాడు, అలాంటి బూతులు తను కుర్రతనంలో రేవులో కూడా వినలేదని.

"వద్దు!" అన్నాను చివరికి.

"వద్దు," అంది అక్క నెమ్మదిగా, సముద్రంతో.

ఆ తర్వాత వరసగా వద్దులే. దేముడమ్మ కోసం ఎరకయ్య అరిచాడు. సన్యాసి కోసం దేముడమ్మ అరిచింది. వీపులన్నీ సముద్రం వైపు, అరుపులన్నీ పడవ వైపు. ఒక్క సరే లేదు.

హిమజ అందరి జవాబులూ రెండుసార్లు చూసుకుంది. ముడి విప్పమని పడవవాళ్లకి చెప్పింది. వాళ్లు కదల్లేదు. తనే వంగి మోకు ముడి విప్పింది. పదిహేను రోజుల మా చాకిరీ పచ్చగా విచ్చుకుని అలల మీద తేలుతూ వెళ్లిపోయింది. క్యాన్లు పడవలోకి ఎక్కించారు. దేముడమ్మ ఏడ్చింది. నేను కళ్లు తిప్పుకోకుండా చూశాను.

పడవ ఎక్కబోతూ హిమజ కొర్లమ్మక్క దగ్గర ఆగింది. "అమ్మా, మా పడవలో కూడా ఒకరికొకరు..." అని, వాక్యం పూర్తిచేయకుండా ఎక్కేసింది.

"ముందు నీ గది నువ్వు అడుగు!" అని అక్క వెనక నుంచి కేకేసింది. "సిగ్గయితే నాను అడుగుతాను!"

ఫాల్గుణ బహుళ అష్టమి
గాలి తూర్పు నుంచి. నీళ్లు ట్యాంకు అడుగున.

కంపెనీ కబురు పంపింది. తెప్ప రద్దు. అమావాస్యకి విప్పడానికి వస్తారట. ఎరకయ్య ఆ కబురు కాగితం చదివి మడిచి చుట్ట వెలిగించుకోవడానికి వాడాడు.

ఎండు నాచు మండించి ఉప్పునీళ్లు కాస్తున్నాం. మూత మీద చేరిన చుక్కల్ని గుడ్డతో తుడిచి లోటాలోకి పిండుతున్నాం. పగలంతా కాస్తే తలా రెండు గుక్కలు. పెదాలు పగిలాయి. నాలుక అట్ట కట్టింది. మాట్లాడాలంటే కష్టంగా ఉంది, అయినా తెప్పంతా మాట్లాడుతూనే ఉంది. బిళ్లల్ని అప్పుడప్పుడు మార్చాలి. ఆ మార్చేవాళ్లు రాలేదు కదా, ఒక్కొక్కటీ సత్తువ పోయి రాలిపోతున్నాయి. సన్యాసీ ఎరకయ్యా నిన్న తాడు గురించి జుట్టు జుట్టు పట్టుకున్నారు. నా కొత్త బిళ్ల కూడా కాగే నీళ్ల ఆవిరికి నాని ఈ పొద్దున ఊడింది. చతుర్దశి నాటి పేజీ చదువుకుని ఒళ్లు జలదరించింది. చింపుదామనుకున్నాను. చింపలేదు. ఉండనీ. నన్ను నేను అలా కూడా చూడాలి.

సాయంత్రం తూర్పు నుంచి ఏదో పచ్చగా తేలుతూ వచ్చింది. దగ్గరికి వచ్చాక చూస్తే నాచు, కోసిన నాచు, సంచుల కొద్దీ. మాది ఎనిమిది రోజుల కిందే పోయింది. పైగా పోయింది పడమటికి. ఇది తూర్పు తెప్పవాళ్లది. వాళ్లూ వద్దన్నారన్నమాట. వాళ్లకి ఈ సంగతి ఎవరు చెప్పారో తెలియదు. అన్ని తెప్పలకీ తిరిగే మనిషి ఒక్కతే ఉంది, నేను పేరు రాయను.

ఆ నాచు మా తెప్పని ఒరుసుకుంటూ పోతుంటే మేమంతా అంచున నిలబడి కేకలు వేశాం. గొంతులో తడి లేకుండా కేకలు ఎలా వచ్చాయో తెలియదు.

ఫాల్గుణ అమావాస్య
గాలి తూర్పు నుంచి. నాచు మోకులకి మళ్లీ చిగుళ్లు. నీళ్లు రాయడానికి లేవు.

పొద్దున కొర్లమ్మక్క నా మీద పడింది.

"నా లోటాలో గుక్క తక్కువైనాది. నువ్వు తాగినావు."

"నానెందుకు తాగుతాను? నువ్వే నిద్దట్లో తాగేసి మర్సిపోనావు."

"అబద్దాలకోరుదానా! నలబయ్యేల్లుగా నా లోటా మీదే నీ కన్ను."

"నలబయ్యేల్లుగా నా నడుం ముక్క తిన్నావు. అది కక్కు ముందు."

గరిటె లేచింది. నేను మూకుడు అడ్డం పెట్టాను. దెబ్బ ఖంగుమని మోగింది. ఇద్దరం ఆయాసపడుతూ నిలబడ్డాం. నాకు ఎంత సంతోషంగా ఉందో రాయలేను. ఈ మనిషిని గుడారాలకి పంపుతామని వచ్చేవాళ్లెవరో రమ్మనండి, ముందు ఈ మూకుడుతో మాట్లాడాలి.

అప్పుడే సన్యాసి కేక వినబడింది. పడవ.

అందరం అంచుకి పరుగెత్తాం. అక్కకి చెయ్యిచ్చి నడిపించాను, ఆవిడ నన్ను తిడుతూనే నడిచింది. దీపస్తంభం పక్క నుంచి కంపెనీ పడవ తిరిగి వస్తోంది. ముందు భాగంలో తెప్పల్ని విప్పే కొక్కెం లేదు. పైన క్యాన్లు పేర్చి ఉన్నాయి, ఎండకి మెరుస్తున్నాయి. ఎన్నో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు. పైన హిమజ నిలబడి ఉంది. మెడకి గుడ్డ చుట్టుకుంది. ఆ గుడ్డ కింద బిళ్ల ఉందో లేదో కూడా తెలియడం లేదు.

నేను చెయ్యి అడ్డం పెట్టుకుని క్యాన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. దాహం అలాంటిది. ఎన్నిచ్చినా సరే అనాలని ఉంది. ఇప్పుడు బిళ్ల కూడా లేదు, అయినా అనాలని ఉంది.

కొర్లమ్మక్క నా రెక్క పట్టుకుంది.

"ఎన్నుంటే నీకెందుకే? నీ వాటా నాను సూస్తాను. ఈపు తిప్పు."

తిప్పాను.